భారరహిత స్థితి – ఒక పొరపాటు

1984 ఏప్రిల్‌లో, హైదరాబాదు నిజాం కళాశాల పూర్వవిద్యార్థి రాకేశ్ శర్మగారు సాల్యూట్-7 అంతరిక్ష కేంద్రంలో తేలియాడినారు. 'అక్కడ గురుత్వాకర్షణ లేదు' అని కారణం వ్రాసే విద్యార్థులు పెక్కుమంది. ఇది పొరపాటు. ఆ కక్ష్య ఎత్తు కొన్ని వందల కిలోమీటర్లే. అచ్చట గురుత్వాకర్షణ భూతలంపై ఉన్నదానిలో సుమారు 90 శాతం ఉండును. అది లేనిచో కేంద్రం సరళరేఖలో సాగిపోయి మరలి రాదు.

సెకనుకు దాదాపు 8 కిలోమీటర్ల వేగంతో ముందుకు సాగుతూనే కేంద్రం భూమివైపు పడుచుండును. గుండ్రని నేల కూడా అంతే వంగిపోవుటచే దానిని చేరజాలదు. కేంద్రమూ, అందలి మనిషీ ఒకే త్వరణంతో పడుచున్నందున, కాలిక్రింది తలం అతనిని పైకి నెట్టదు. ఆ నెట్టు లేకుండుటయే భారరహిత స్థితి.

విద్యార్థులారా! తేలుటగా కనిపించునది నిజమునకు పడుటయే. కన్ను చూచినదానిని లెక్కతో సరిచూచుటయే భౌతికశాస్త్రం నేర్పు మొదటి పాఠం.