కారు వీపు మీద చారలు

ఉడుత వీపు మీద మూడు చారలు ఎలా వచ్చాయో మన ఇళ్ళలో అందరికీ తెలిసిన కథే. సేతువు కట్టేటప్పుడు సాయం చేసిందని రాముడు వేళ్ళతో నిమిరాడట! మరి కొన్ని స్పోర్ట్స్ కార్ల వీపు మీద, ముక్కు నుంచి తోక దాకా రెండు చారలు సాగి ఉంటాయి. చూశారా? బొమ్మ కార్ల మీద, సినిమాల్లో, ఈమధ్య మన రోడ్ల మీద తిరిగే మామూలు కార్ల మీద కూడా అవి కనిపిస్తున్నాయి. వీటిని ఎవరు నిమిరారు? అందం కోసమేనా? లేక చారలుంటే కారు ఎక్కువ వేగంగా పోతుందా?

దీనికి జవాబు కావాలంటే మనం 1900 సంవత్సరానికి వెళ్ళాలి.

దేశానికో రంగు

జేమ్స్ గోర్డన్ బెన్నెట్ అని ఒక అమెరికన్ పత్రికాధిపతి ఉండేవాడు. న్యూయార్క్ హెరాల్డ్ పత్రిక ఆయనదే. ఆయన పారిస్‌లో కాపురముంటూ, దేశాల మధ్య కార్ల పందెం కోసం ఒక కప్పు బహూకరించాడు. 1900 నుంచి 1905 వరకు ఆ పందేలు ఆరుసార్లు జరిగాయి. ఒక దేశం తరఫున మూడు కార్లకు మించి పోటీ చేయకూడదు. కారులోని ప్రతి భాగమూ ఆ దేశంలోనే తయారై ఉండాలి. అంటే పందెం డ్రైవర్ల మధ్య కన్న దేశాల మధ్య ఎక్కువ.

అప్పటి పందెం మామూలు మట్టి రోడ్ల మీదే, ఊళ్ళ మధ్య నుంచే జరిగేది. దుమ్ము మేఘంలా లేచేది. రోడ్డు పక్కన నిలబడ్డ వారికి ఆ దుమ్ములోంచి దూసుకువచ్చే కారు ఎవరిదో ఎలా తెలియాలి? అందుకని దేశానికో రంగు కేటాయించారు. ఫ్రాన్సుకు నీలం, బెల్జియంకు పసుపు, జర్మనీకి తెలుపు, అమెరికాకు ఎరుపు ఇచ్చారు. 1903లో పందెం ఐర్లండులో జరిగినప్పుడు బ్రిటన్ కార్లు ఆకుపచ్చ రంగు వేసుకున్నాయి. ఐర్లండుకు గౌరవసూచకంగా అని కొందరంటారు. అంతకు ముందు ఏడాది గెలిచిన నేపియర్ కారు ఆకుపచ్చదే గనుక అని మరికొందరంటారు. తర్వాతి కాలంలో ఎరుపు ఇటలీకి దక్కింది. ఫెరారీ కార్లు ఈనాటికీ ఎర్రగా ఉండడానికి మూలం అదే.

రంగుకు బరువుంటుందా?

ఇక్కడ ఒక తమాషా కథ చెప్పాలి. జర్మనీ రంగు తెలుపు కదా. 1934 నుంచి జర్మన్ కార్లు వెండి రంగుకు మారాయి. ఎందుకు? ఆ ఏడాది వచ్చిన నియమం ప్రకారం పందెపు కారు బరువు, టైర్లూ ఇంధనమూ కాక, 750 కిలోలు మించకూడదు. నూర్బర్గ్‌రింగ్‌లో పందెం ముందురోజు మెర్సెడెస్ కారును తూస్తే 751 కిలోలు తూగిందట. ఒక్క కిలో ఎక్కువ! రాత్రికి రాత్రే తెల్లరంగంతా గీకేశారట. లోపలి అల్యూమినియం రేకు తళతళలాడుతూ బయటపడిందట. మర్నాడు మాన్‌ఫ్రెడ్ ఫాన్ బ్రౌకిచ్ ఆ కారులోనే గెలిచాడు.

ఈ కథను మనం లెక్కకు పెట్టి చూద్దాం. చిన్న పందెపు కారు ఒంటి వైశాల్యం 8 చదరపు మీటర్లు అనుకోండి. రంగు పొర మందం 0.1 మిల్లీమీటరు, అంటే 0.0001 మీటరు. ఈ రెంటినీ గుణిస్తే ఘనపరిమాణం 0.0008 ఘనపు మీటర్లు, అనగా 800 ఘనపు సెంటీమీటర్లు. ఆరిన రంగు సాంద్రత ఘనపు సెంటీమీటరుకు సుమారు 1.4 గ్రాములనుకుంటే, రంగు బరువు 1,120 గ్రాములు. కిలోకి కాస్త ఎక్కువ! కథ లెక్కకు నిలబడింది.

అయితే లెక్కకు నిలబడిందంటే అలా జరగడం సాధ్యమే అని మాత్రమే అర్థం. జరిగిందని కాదు. ఈ కథ చెప్పినది ఆ జట్టు అధిపతి ఆల్‌ఫ్రెడ్ నాయ్‌బవర్, అదీ చాలా ఏళ్ళ తర్వాత. 1932లోనే బెర్లిన్‌లోని ఆవుస్ పందెంలో బ్రౌకిచ్ రంగు వేయని వెండి కారుతో గెలిచి ఉన్నాడు. అందుచేత చాలామంది చరిత్రకారులు గీకుడు కథను నమ్మరు. నాకూ నమ్మకం తక్కువే. లెక్క మాత్రం మంచి లెక్క!

చట్రం దాక్కుంటే చారలు పుట్టాయి

ఇక అసలు సంగతి. అమెరికా రంగు తర్వాత మారింది. పైభాగం తెలుపు, చట్రం నీలం అయింది. చట్రం అంటే కారుకు వెన్నెముకలాంటిది. రెండు పొడవాటి ఉక్కు కమ్మీలు, వాటి మీద ఇంజను, సీటు, పైరేకు ఉంటాయి. పాతకాలపు పందెపు కార్లలో ఈ కమ్మీలు, చక్రాలు అన్నీ బయటికే కనిపించేవి. కనుక వాటికి నీలం పూస్తే అందరికీ కనపడేది.

కాని కారు వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డు తగులుతుంది. మీరు సైకిలు మీద ఎదురుగాలిలో పోయేటప్పుడు ఒళ్ళు వంచుతారు కదూ? వేగం రెట్టింపయితే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది. ఆ నిరోధాన్ని తోసుకుంటూ రెట్టింపు వేగంతో పోవాలి గనుక ఇంజను ఇవ్వవలసిన సామర్థ్యం ఎనిమిది రెట్లవుతుంది. గంటకు 100 కిలోమీటర్ల దగ్గర గాలిని తోయడానికి 10 అశ్వసామర్థ్యం చాలితే, 200 కిలోమీటర్ల దగ్గర 80 కావాలన్నమాట. ఇంజను పెంచడం కన్న ఒంటిని నున్నగా చేయడం చవక. అందుకని రెండో ప్రపంచయుద్ధం తర్వాత స్పోర్ట్స్ కార్లకు చేప ఒంటిలాంటి నున్నటి తొడుగు వచ్చింది. చక్రాలూ చట్రమూ ఆ తొడుగు కింద దాక్కున్నాయి.

మరి నీలం ఎక్కడ వేయాలి? ఇదే సమస్య బ్రిగ్స్ కన్నింగ్‌హామ్‌కు ఎదురయింది. ఆయన అమెరికాలో ధనవంతుడు, గొప్ప క్రీడాకారుడు. 1958లో అమెరికా కప్పు పడవపందెం గెలిచిన కొలంబియా నావకు నాయకుడు ఆయనే. ఫ్రాన్సులోని ల మాన్ ఊళ్ళో ఏటా 24 గంటల కార్ల పందెం జరుగుతుంది. అమెరికాలో తయారైన కారుతో, అమెరికా డ్రైవర్లతో ఆ పందెం గెలవాలన్నది ఆయన పట్టుదల. 1950లో రెండు కాడిలాక్ కార్లతో వెళ్ళి పది, పదకొండు స్థానాలు తెచ్చుకున్నాడు. తర్వాత ఫ్లోరిడాలో సొంతంగా కార్లు కట్టించాడు. వాటి ఒళ్ళు తెలుపు. ఒంటి మీద పొడవునా నీలి చారలు. దాక్కున్న చట్రం కమ్మీలకు గుర్తుగానే ఆ రెండు చారలు పైకెక్కాయని ఎక్కువమంది చెబుతారు. అందుకే వాటికి కన్నింగ్‌హామ్ చారలనే పేరు కూడా ఉంది. చూశారా! గాలి నిరోధం లేకపోతే తొడుగు లేదు, తొడుగు లేకపోతే చారలు లేవు.

పాపం, కన్నింగ్‌హామ్ కోరిక మాత్రం తీరలేదు. 1952లో ఆయన స్వయంగా నడిపి నాలుగో స్థానంలో వచ్చాడు. 1953లోను 1954లోను ఆయన జట్టుకు మూడో స్థానం దక్కింది. 1955తో ఆయన సొంత కార్ల కథ ముగిసింది. ఆ ఏడాదే ల మాన్‌లో ఒక కారు జనం మీదికి ఎగిరిపడి 80 మందికి పైగా మరణించారు. ఆయన కోరుకున్న గెలుపు 1967లో డాన్ గర్నీ, ఎ.జె. ఫాయిట్ అనే అమెరికన్లకు ఫోర్డ్ కారులో లభించింది. అది ఎర్ర కారు, దాని మీద తెల్ల చారలు.

అప్పటికే చారలు మామూలు జనం కార్ల మీదికి దిగాయి. కారల్ షెల్బీ 1965లో తెచ్చిన జిటి-350 మస్టాంగ్ తెల్లకారు మీద నీలి చారలు వేసి అమ్మారు. దానికి ఏడాది ముందు ఫ్రాన్సులో రెనో-8 గోర్డినీ వచ్చింది. అది నీలి కారు, తెల్ల చారలు. 1968 నుంచి పందెపు కార్ల మీద సిగరెట్టు, ఆయిలు కంపెనీల రంగులు వచ్చి దేశాల రంగులను పక్కకు నెట్టాయి. అయినా ఆ పాత అలవాటు పూర్తిగా పోలేదు. 2009లో మన దేశం పేరుతో ఫార్ములా-1 పందేల్లో తిరిగిన ఫోర్స్ ఇండియా కారు మీద కాషాయం, తెలుపు, ఆకుపచ్చ రంగులుండేవి.

అంకె చెరిగిపోతుంది, చార నిలుస్తుంది

కారుకు నంబరు ఉంటుంది కదా, చారలెందుకు అని మీకు సందేహం రావచ్చు. మంచి సందేహమే. ఒకే జట్టు కార్లన్నీ ఒకే రంగులో ఉంటాయి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఇ పందెం చూసినవారికి గుర్తుండే ఉంటుంది. జట్టుకు రెండేసి కార్లు! ఇంధనం, టైర్లు అందించే చోటును పిట్ అంటారు. అక్కడ నిలబడ్డవారు తమ కార్లలో ఏది వస్తున్నదో దూరం నుంచే పోల్చుకోవాలి.

కారు గంటకు 216 కిలోమీటర్ల వేగంతో పోతున్నదనుకోండి. అంటే సెకనుకు 60 మీటర్లు. మన కంటిలో పడిన బొమ్మ సుమారు పదోవంతు సెకను నిలుస్తుంది. ఆ లోపల కారు 6 మీటర్లు ముందుకు పోతుంది. కనుక చూపు తిప్పకుండా చూసేవాడికి అంకె 6 మీటర్ల పొడవున అలుక్కుపోయి కనిపిస్తుంది. కాని చార కారు పోయే దిక్కులోనే గీసి ఉంది. అది అలుక్కుపోయినా తన మీద తానే అలుక్కుంటుంది! అందుచేత దాని అంచులు స్పష్టంగానే ఉంటాయి.

నమ్మకం లేకపోతే చేసి చూడండి. పోస్టుకార్డంత అట్టముక్క తీసుకుని, దాని మీద స్కెచ్ పెన్నుతో 8 అంకె వేయండి. దాని కింద అట్ట పొడవునా ఒక అడ్డగీత, పక్కన నాలుగు నిలువుగీతలు గీయండి. మీరు ఎదుటి గోడ మీద ఒక చుక్కనే చూస్తూ ఉండండి. మీ స్నేహితుడు ఆ చుక్క ముందు నుంచి అట్టను ఎడమ నుంచి కుడికి సర్రున లాగాలి. అంకె మాయమవుతుంది. నిలువుగీతలు బూడిదరంగు మచ్చవుతాయి. అడ్డగీత మాత్రం చక్కగా కనిపిస్తుంది.

ఇందులో ఇంకో విశేషం ఉంది. వేగంగా పోయే వస్తువు వెనక కంటిలో ఇలాంటి జాడలు పడతాయనీ, వస్తువు ఏ దిక్కుకు పోతున్నదో తెలుసుకోవడానికి మన మెదడు ఆ జాడలను వాడుకోగలదనీ విల్సన్ గైస్లర్ అనే అమెరికన్ పరిశోధకుడు 1999లో చూపించాడు. బొమ్మల కథల్లో పరుగెత్తేవాడి వెనక గీతలు గీస్తారే, అవి చిత్రకారుడి ఊహ మాత్రమే కాదన్నమాట. నిలబడి ఉన్న కారు కూడా చారలు వేస్తే పరుగెత్తుతున్నట్టు అనిపించడానికి ఇది ఒక కారణం కావచ్చు.

నిజంగా వేగం పెరుగుతుందా? మా తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు సైకిలు మడ్‌గార్డుల మీద రెండు ఎర్ర చారలు అతికించుకుని, ముందుకన్న వేగంగా పోతున్నదని వాదించాడు. బడి వెనక మైదానంలో వంద మీటర్లు కొలిచి, పిల్లలే వాచీ పట్టుకుని, చారలతో అయిదుసార్లు, లేకుండా అయిదుసార్లు చూశారు. సగటులో తేడా లేదు. కారు సంగతీ అంతే. ఒక్కొక్కటి 25 సెంటీమీటర్ల వెడల్పు, అద్దాలు పోను 3 మీటర్ల పొడవు గల రెండు చారల వైశాల్యం 1.5 చదరపు మీటర్లు. మందం 0.05 మిల్లీమీటరైతే, పైన చేసినట్టే లెక్క కట్టండి. సుమారు 105 గ్రాములు వస్తుంది. చారలు కారుకు ఒక అరటిపండు బరువు కలుపుతాయి, అంతే!

చార ఎలా వేస్తారు?

ఈ కాలంలో చారలకు రంగు పూయడం తగ్గింది. వినైల్ అనే ప్లాస్టిక్కు పొరను కత్తిరించి అతికిస్తున్నారు. చూడడానికి తేలిక. చేయబోతే జ్యామితి ఎదురొస్తుంది.

ముందు నడిమిరేఖ కావాలి. కారు పక్క అంచులు వంకరగా ఉంటాయి గనుక ఒక అంచు నుంచి కొలుచుకుంటూ పోతే చార కూడా వంకరపోతుంది. ముక్కు దగ్గర, అద్దం అడుగున, తోక దగ్గర వెడల్పును సమద్విఖండన చేసి, ఆ గుర్తుల మీదుగా దారం బిగించి లాగుతారు. వడ్రంగి దుంగ మీద దారం కొట్టినట్టే.

తర్వాతది పెద్ద చిక్కు. గాజు గ్లాసుకు కాగితం చుట్టి చూడండి, ముడత పడదు. అదే కాగితం బంతికి చుట్టండి, ముడతలే ముడతలు. గ్లాసు ఒక వైపుకే వంగి ఉంది, బంతి రెండు వైపులా వంగి ఉంది. చదునైన కాగితం సాగకుండా, నలగకుండా బంతి మీద పరచుకోలేదని గాస్ అనే గణితవేత్త 1827లో చూపిన సిద్ధాంతం వల్ల తెలుస్తుంది. భూగోళాన్ని అట్లాసులో తప్పులేకుండా గీయలేకపోవడానికీ ఇదే కారణం. కారు బానెట్టు చాలాచోట్ల బంతిలాగే రెండు వైపులా వంగి ఉంటుంది. అయితే పట్టె వెడల్పు సగమైతే దాని అంచులు పడే ఇబ్బంది సుమారు నాలుగోవంతుకు తగ్గుతుంది. అందుకే ఒక వెడల్పు పట్టె కన్న రెండు సన్నపు చారలు అతికించడం సులువు. మిగిలిన కాస్త ఇబ్బందికి వేడిగాలి పట్టిస్తారు. వేడికి వినైల్ మెత్తబడి సాగుతుంది.

ఎండలో కాలిన రేకు మీద ఈ పని చేయకూడదు. వేడికి జిగురు తాకీ తాకగానే పట్టేస్తుంది, సరిచేసుకునే వ్యవధి ఉండదు. నీడలో, రేకును కడిగి తుడిచి, సబ్బు కలిపిన నీళ్ళు చల్లి పొర పరుస్తారు. సబ్బునీళ్ళు మధ్యలో ఉన్నంతసేపు పొర జారుతుంది కాబట్టి గుర్తుల మీదికి జరుపుకోవచ్చు. కుదిరాక నడుమ నుంచి అంచులకు రబ్బరు పలకతో నీళ్ళూ గాలీ తోసేస్తారు. ఎక్కడైనా చిన్న బుడగ మిగిలిపోతే సన్న సూదితో పొడిచి, వేలితో నొక్కేస్తారు.