ఒక ఫైలు ఆసాంతం చదువు, అమ్మలూ



మీ లా ఫర్ములో బ్యాంకింగ్, ఎం అండ్ ఏ, దివాలా టీముల్లో దేనిలో చేరతావో నెలాఖరులోగా చెప్పమన్నారని రాశావు. నీ మనసు ఎం అండ్ ఏ వైపు, అంటే కంపెనీల విలీనాలు, కొనుగోళ్ల వైపు లాగుతోందని అర్థమైంది. పేపర్లో పడే డీల్స్ కదా, ఈ వయసులో ఎవరికైనా అంతే. కానీ పేపర్లో పడేది ఏ ఒక్కనాడో. మిగతా రోజులన్నీ డ్యూ డిలిజెన్సే, అంటే కాగితాలు జల్లెడ పట్టడమే.

ఈ వృత్తిలో నా రెండో ఏట ఒక కంపెనీ కొనుగోలుకి పదిరోజులు లీజు పత్రాలే చదివాను. అర్ధరాత్రి దాటాక ఒక గోడౌను లీజులో చిన్న వాక్యం కంటబడింది. కంపెనీ యాజమాన్యం చేతులు మారితే స్థలం యజమాని లీజు రద్దు చేసుకోవచ్చట! మా క్లయింటు ఆ కంపెనీని కొంటున్నదే ఆ గోడౌను కోసం. ఆ రాత్రి సంతోషంతో నిద్రపట్టలేదు. నా పక్క సీటు మిత్రుడికి మాత్రం ఆ పదిరోజులూ నరకం. ఆరు నెలల్లో పన్నుల వైపు వెళ్లిపోయాడు, అక్కడ బాగా రాణించాడు.

అందుకే టీము పేరు చూసి తేల్చుకోకు. విశాఖపట్నం సినర్జీస్ దూరే ఆటోమోటివ్ కేసు తీసి చదువు. 2016 దివాలా చట్టం కింద దేశంలో మొదటి రిజల్యూషన్ ప్లాన్‌ని 2017 ఆగస్టులో ఆమోదించింది మన హైదరాబాద్ కంపెనీ లా ట్రిబ్యునల్, ఎన్‌సీఎల్‌టీయే. ప్లాన్ తెచ్చింది దూరే సొంత గ్రూపు కంపెనీ, సినర్జీస్ క్యాస్టింగ్స్. దూరేని తనలో విలీనం చేసుకుంటాననేది దాని సారం. ఆ గ్రూపు కంపెనీ దూరే నుంచి తనకు రావలసిన అప్పును అంతకుముందే ఒక ఫైనాన్స్ కంపెనీకి బదలాయించింది. సొంత గ్రూపు కంపెనీకి రుణదాతల కమిటీలో ఓటు ఉండదు. మరి దాని నుంచి ఆ అప్పును రాయించుకున్నవాళ్లకు ఉంటుందా? మరో రుణదాత ఎడెల్‌వైస్ ఏఆర్‌సీ అక్కడే అడ్డుతగిలింది, అప్పీలు దాకా వెళ్లింది, నెగ్గలేదు. చివరికి ఆర్థిక రుణదాతలకు దక్కింది నూటికి సుమారు ఆరు రూపాయలు.

చదువుతుంటే నీ పెన్సిలు ఎక్కడ ఆగుతుందో చూసుకో. బదలాయింపు పత్రం దగ్గర ఆగితే నీది బ్యాంకింగ్ బుర్ర. విలీనం షరతుల దగ్గరైతే నీ మొగ్గు సరైనదే. ఆ ఆరు రూపాయల దగ్గర కోపమొచ్చి, ఇంకెలా చేసి ఉండవచ్చని లెక్కలు వేయడం మొదలుపెట్టావా, దివాలా టీముకే వెళ్లు. ట్రిబ్యునల్ వరండాలో గంటల తరబడి నిలబెట్టేది ఆ కోపమే.

మొదటి రెండు మూడేళ్లలో మారినా ఫరవాలేదు. పదో ఏట మారితే మళ్లీ జూనియర్‌వే. ఇంకొక్కమాట: మూడు టీముల్లో నీ డ్రాఫ్టు కూర్చుని దిద్దే సీనియర్ ఎవరో కనుక్కో. దిద్దేవాళ్లు లేని చోట నాకైతే నిన్ను చేర్చాలని లేదు.

ఆ కేసు ఉత్తర్వు ప్రింటు తీసుకుని ఆదివారం ఇంటికి రా. గీతలు గీసిన చోట్లు ఇద్దరం కలిసి చూద్దాం. అంతవరకు ఎవరికీ మాట ఇవ్వకు.

నీ పెదనాన్న