మెమరీ కార్డునకు ప్రతి తీయుట

విద్యార్థులారా, అరచేతిలో ఇమిడిపోవు రాస్ప్‌బెర్రీ పై అను చిన్న కంప్యూటరును మీలో కొందరు చూచియుందురు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో రూపొందిన ఈ యంత్రము 2012వ సంవత్సరము ఫిబ్రవరి 29వ తేదీన మొదట అమ్మకమునకు వచ్చినది. దీనియందు సాధారణముగా హార్డు డిస్కు ఉండదు. యంత్రమును నడపు ఆజ్ఞలును, మనము దాచుకొను పాఠములు, చిత్రములు, పాటలును అన్నియు గోరంత మైక్రో ఎస్.డి. కార్డులోనే ఉండును. కార్డు చెడినచో సర్వమును పోవును.

ఏల చెడును? కార్డుపై పలుమార్లు వ్రాయగా వ్రాయగా అది అరిగిపోవును. అంతకంటె పెద్ద శత్రువు కరెంటు పోవుట. శివసముద్రమునుండి మన జిల్లాలోని బంగారు గనులకు 1902లోనే విద్యుత్తు వచ్చినది. అయినను గాలివాన వచ్చిన రాత్రి మన యిండ్లలో దీపము నిలుచునని ఎవరును పూచీపడజాలరు. వ్రాత నడుచుచుండగా విద్యుత్తు ఆగినచో కార్డులోని లెక్క తారుమారై యంత్రము మరల లేవకపోవచ్చును.

నా అనుభవము చెప్పెదను. మా అమ్మమ్మ పాడిన దంపుళ్ల పాటలను, పెండ్లి పాటలను అట్టి కార్డులో దాచితిని. అది కన్నడపు మాటలు కలిసిన మన ఊళ్ల తెలుగు. నేను ఆంధ్రలో శిక్షణ పొందిన కాలమున ఏ పుస్తకమునందును ఆ పలుకు కానరాలేదు. జాగ్రత్తపరుడను గనుక కార్డును విండోసు కంప్యూటరులో పెట్టి, కనబడిన ఫైళ్లన్నియు నకలు చేసికొంటిని. కొన్ని నెలలకు కార్డు చెడినది. నకలు తెరచి చూడగా అందు ఒక్క పాటయు లేదు. అప్పటికి అమ్మమ్మయు లేదు.

జరిగిన దేమనగా, ఆ కార్డు రెండు భాగములుగా ఉండును. యంత్రము లేచుటకు వలసిన చిన్న భాగమును మాత్రమే విండోసు చూపును. మన సొత్తంతయు ఉండు పెద్ద భాగము లైనక్సు పద్ధతిలో ఉండుటచే దానిని చదువలేక, “ఫార్మాటు చేయనా?” అని అడుగును. ఎన్నడును సరే అనకుడు; అన్నచో ఉన్నదియు పోవును.

కావున ఫైళ్లను గాక, కార్డునంతను ప్రతి తీయవలెను. సులభమైన మార్గ మిది. యు.ఎస్.బి. కార్డు రీడరులో మరియొక కార్డు నుంచి యంత్రమునకు తగిలింపుడు. మెనూలోని ఆక్సెసరీసునందు ఎస్.డి. కార్డ్ కాపియర్ అను సాధనము కలదు. ఎందుండి ఎందులోనికి అను రెండు గడులను రెండుమార్లు సరిచూడుడు. రెండవ కార్డులో ముందున్న దంతయు తుడిచిపెట్టబడును. విండోసులోనే చేయదలచినవారు విన్32 డిస్క్ ఇమేజర్‌తో కార్డునంతను ఒకే ఫైలుగా చదివించుకొనవచ్చును. అయితే 32 జీబీ కార్డు సగము ఖాళీగా ఉన్నను ఫైలు 32 జీబీ అగును. మరియొక కంపెనీ 32 జీబీ కార్డు కొంచెము చిన్నదైనచో ఆ ఫైలు దానిలో పట్టదు.

బ్రౌను దొర కడపలో పండితులచే తాళపత్రములకు ప్రతులు వ్రాయించునప్పుడు, వారు తప్పులను దిద్దగలిగిరి. ఈ యంత్రపు ప్రతి అట్లు కాదు. చెడిన కార్డునుండి తీసినచో చెడుపును కూడ అక్షరము తప్పక దించును. కార్డు బాగున్నప్పుడే తీయుడు.

తీసిన పిదప యంత్రమును ఆపి, క్రొత్త కార్డు పెట్టి లేపి, ఒక పాటనైన వినుడు. తేదీ వ్రాసిన చీటిని అంటించి, ఆ కార్డును మీ మేనమామగారి యింటనో పెద్దమ్మగారి యింటనో ఉంచుడు.