ఎదురుగాలితో పందెం

మీరెప్పుడైనా ఎదురుగాలిలో సైకిలు తొక్కారా? కాళ్ళు పీకేస్తాయి. గాలి వీచని రోజున కూడా, వేగంగా పోయేవాడు తన ఎదురుగాలిని తానే పుట్టించుకుంటాడు. ఈ గాలితోనే తలపడ్డారు ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు. వాళ్ళు తయారు చేసింది బ్యాటరీతో నడిచే పందెపు మోటారు సైకిలు.

ఇంగ్లండుకూ ఐర్లండుకూ మధ్య సముద్రంలో మాన్ దీవి ఉంది. అక్కడ మామూలు రోడ్ల మీదే, ఊళ్ళ మధ్య నుంచీ కొండ మీదుగానూ మోటారు సైకిళ్ళ పందేలు జరుగుతాయి. ఒక చుట్టు 60.7 కిలోమీటర్లు. పెద్ద పందెంలో పెట్రోలు బళ్ళు ఆరు చుట్లు తిరుగుతాయి, మధ్యలో ఆగి పెట్రోలు పోయించుకుంటూ. విద్యుత్ బళ్ళకు 2010 నుంచి 2019 వరకు జరిగిన పందెం మాత్రం ఒక్క చుట్టే.

ఎందుకంటే, కిలో పెట్రోలులో సుమారు 12 యూనిట్ల శక్తి ఉంటుంది. (యూనిట్ అంటే మీ ఇంటి కరెంటు బిల్లులో ఉండేదే.) కిలో లిథియం బ్యాటరీలో ఉండేది యూనిట్‌లో ఐదో వంతు. ఇంజను ముప్పాతిక భాగాన్ని వేడిగా పారబోసినా, పెట్రోలులో ఇంకా 3 యూనిట్లు మిగులుతాయి!

మరి ఉన్న కాస్త శక్తీ దేనికి ఖర్చవుతుంది? కొండ ఎక్కడానికే అంటారు మీరు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. లెక్క వేసి చూద్దాం. బండీ మనిషీ కలిసి 300 కిలోలనుకోండి. ఎక్కవలసిన ఎత్తు సుమారు 420 మీటర్లు. 300ని 9.8తోనూ, 420తోనూ గుణిస్తే దాదాపు 12 లక్షల 35 వేల జౌళ్ళు. ఒక యూనిట్‌కు 36 లక్షల జౌళ్ళు. అంటే కొండ ఖర్చు యూనిట్‌లో మూడో వంతే! దిగేటప్పుడు అందులో కొంత మళ్ళీ కలిసివస్తుంది కూడా.

ఇక గాలి సంగతి. గాలి అడ్డు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 190 కిలోమీటర్ల వేగంలో గాలి 600 న్యూటన్ల బలంతో వెనక్కి నెడుతోందనుకోండి. అది 60 కిలోల బస్తా బరువంత. చుట్టు పూర్తయ్యేసరికి గాలి ఒక్కటే 10 యూనిట్లు మింగేస్తుంది. వేగం సగం చేస్తే? రెండున్నర యూనిట్లే.

ఇదీ చిక్కు. మెల్లగా పోతే ఓటమి. మరీ జోరుగా పోతే బ్యాటరీ దారిలోనే ఖాళీ. పోనీ పెద్ద బ్యాటరీ పెడదామంటే బరువు పెరిగి మలుపుల్లో బండి లొంగదు. అందుకే ఇలాంటి బండికి గాలిని చీల్చే నున్నటి తొడుగు వేస్తారు. చోదకుడు ట్యాంకు ఉండవలసిన చోట గడ్డం ఆనించి పడుకుంటాడు. ఏ మలుపు దగ్గర ఎంత వేగమో ముందే లెక్క కడతారు.

నాటింగ్‌హామ్ బండి 2016లోనూ 2017లోనూ మూడో స్థానంలో నిలిచింది. 2018లో డేలీ మాథిసన్ దాన్ని సగటున గంటకు 192 కిలోమీటర్ల వేగంతో నడిపి రెండో స్థానం తెచ్చాడు. గెలిచిన జపాను ముగెన్ జట్టు వేగం 196. ఇద్దరి మధ్య తేడా ఎన్ని సెకన్లో మీరే కట్టి చూడండి. దశాంశాలు వదిలేశాం కనుక ఒకటి రెండు సెకన్లు అటూ ఇటూ కావచ్చు.