అమెరికాలో బట్టపనివారి సంఘాలు: నిలిచినవి, నిలవనివి

సంఘమనగానే మనలో చాలమందికి మొదట తోచేది సమ్మె. అమెరికాలో బట్టల పరిశ్రమ పనివారి చరిత్ర చదివితే ఈ అభిప్రాయం కొంత మార్చుకోవలసి వస్తుంది. గొప్ప సమ్మె గెలిచి, రెండేళ్లు తిరగకముందే పలుచబడిన సంఘాలు అక్కడ ఉన్నవి. చిత్తుగా ఓడిపోయి కూడ నిలిచినవీ ఉన్నవి. ఆ తేడా ఎక్కడ వచ్చిందో చూద్దాము.

మసాచుసెట్స్ రాష్ట్రంలో లోవెల్ అని ఒక ఊరు. 1820 తరువాత అక్కడ నూలు మిల్లులు లేచినవి. రైతుల ఇండ్లలోని పెండ్లికాని ఆడపిల్లలను తెచ్చి, కంపెనీ వసతిగృహాలలో ఉంచి, మరమగ్గాల వద్ద నిలబెట్టారు. రోజుకు 12, 13 గంటల పని. నేతగదుల కిటికీలు తెరవనిచ్చేవారు కారు. పొడిగాలి తగిలితే పడుగుపోగు తెగుతుందని గుంటమగ్గం మీద కూర్చున్న మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. పోగుకు మేలుచేసిన ఆ ఉక్క పిల్లల ఊపిరితిత్తులకు చేటు చేసింది.

1834లో కూలి తగ్గిస్తామన్నప్పుడు సుమారు 800 మంది పని విడిచి వీధిలోకి వచ్చారు. కొద్దిరోజులలోనే ఓడి తిరిగి వెళ్లారు. తరువాత పదేళ్లకు వారు ఒక స్త్రీ కార్మిక సంఘం పెట్టుకున్నారు. అధ్యక్షురాలు సారా బాగ్లీ కూడ మిల్లు కార్మికురాలే. పది గంటల పనిదినం కోరుతూ వేలాది సంతకాలతో శాసనసభకు మహజర్లు పంపారు. సభ తోసిపుచ్చింది. ఆ కోర్కె చట్టమయ్యేసరికి 1874 వచ్చింది. సంఘం మాత్రం 1840ల చివరికే ఆరిపోయింది.

అయితే ఆ పిల్లలు చేసిన పని ఒకటి మనం గుర్తుంచుకోదగినది. 1846లో ఒక మిల్లువారు, మూడు మగ్గాలు చూచే మనిషి నాలుగు చూడాలనీ, బట్టకిచ్చే కూలి రేటు తగ్గిస్తామనీ అన్నారు. నేతపిల్లలు దాదాపు అందరూ ఒక కాగితం మీద సంతకాలు చేశారు: రేటు తగ్గిస్తే నాలుగో మగ్గం ముట్టము. మిల్లు వెనక్కి తగ్గింది. ఒక్కరోజు కూడ మగ్గం ఆగలేదు.

అదే రాష్ట్రంలో లారెన్స్ అనే ఊరి కథ వేరు. 1912 జనవరిలో వారపు పనిగంటలను 56 నుండి 54కు తగ్గించే చట్టం అమలులోకి రాగా, మిల్లువారు కూలి కూడ ఆ మేరకు కోశారు. వారానికి 32 సెంట్లు. అర్ధాకలితో బ్రతికేవారికి అది కొన్ని రొట్టెల ఖరీదు. ఇరవైకి పైగా భాషల జనం, ఇరవైవేల మంది, చలిలో రెండు నెలలు నిలబడి గెలిచారు. గెలిచిన తరువాత ఏమైంది? సమ్మె నడిపిన సంఘానికి రోజువారీ పని లేకపోయింది. చందా వసూలు చేసేవారు లేరు, లెక్క చూచేవారు లేరు. మరుసటి ఏటికే సభ్యులు కొన్ని వందలకు దిగిపోయారు.

ఇక నిలిచిన సంఘం. 1900లో న్యూయార్కులో ఆడవారి దుస్తులు కుట్టేవారి అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. పెట్టినప్పుడు సభ్యులు సుమారు 2,000. 1909లో క్లారా లెమ్లిక్ అనే యువతి నిండుసభలో లేచి తన యిడ్డిష్ భాషలో మాట్లాడగా, సుమారు 20,000 మంది సమ్మెకు దిగారు. సంఘాన్ని ఒప్పుకోని కంపెనీలలో ట్రయాంగిల్ ఒకటి. 1911 మార్చి 25న అక్కడ నిప్పంటుకుంది. తలుపుకు తాళం వేసి ఉంది. 146 మంది చనిపోయారు. ఆ తరువాతనే న్యూయార్కులో ఫ్యాక్టరీ భద్రతా చట్టాలు వచ్చినవి.

ఈ సంఘం తన చందా సొమ్మును సమ్మెలకే దాచి ఉంచలేదు. 1913లో సభ్యులకు ఆరోగ్య కేంద్రం తెరిచింది. పరాయి ప్రాంతంలో మగ్గం వేసుకున్న మనవారికి నచ్చే సంగతి మరొకటి: ఇటలీ నుండి వచ్చిన కుట్టుపనివారు తమ భాషలోనే సభలు జరుపుకొనేందుకు 1919లో ప్రత్యేక శాఖ ఇచ్చింది. 1926లో ఒక పెద్ద సమ్మె ఓడి అప్పులపాలైంది. అయినా శాఖలు చెదరలేదు. 1933లో సంఘాలకు అనుకూలమైన చట్టం రాగానే పదులవేల మంది వచ్చి చేరారు. చట్టం సాయపడిందన్నది నిజమే. కాని చేరడానికి అప్పటికి సంఘమంటూ ఒకటి ఉండాలి కదా!

దీనికి తోడబుట్టినటువంటిది మగవారి దుస్తుల పనివారి సంఘం. సిడ్నీ హిల్‌మన్ నాయకత్వాన అది 1923లో న్యూయార్కులో సొంత బ్యాంకు పెట్టింది. తాకట్టు లేకుండ చిన్న అప్పులిచ్చింది. షావుకారు బాకీ తీరక అతని నూలే నేయవలసి వచ్చినవారికి దాని విలువ తెలుసు. 1927లో బ్రాంక్స్‌లో సభ్యులకు సహకార గృహాలు కట్టించింది.

1969 నాటికి ఆడవారి దుస్తుల సంఘంలో నాలుగున్నర లక్షల సభ్యులుండేవారు. విదేశీ దుస్తులు వచ్చిపడగా 1995కు లక్షా పాతికవేలకు తగ్గి, ఆ ఏడే మరో సంఘంతో కలిసిపోయింది. తరువాత పేర్లు రెండుసార్లు మారినవి. హిల్‌మన్ నాటి బ్యాంకు ఇప్పటికీ నడుస్తున్నది. బ్రాంక్స్ ఇండ్లలో కాపురాలున్నవి.