వించ్ దిగినంత సేపు

లమ్తపుట్

మేనల్లుడికి,

మొన్న ఆదివారం విశాఖ ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌లో నీ వెంట నడిచినప్పటి నుంచీ ఒకటే కళ్లలో మెదులుతోంది. బంతి తుప్పల్లోకి పోయిందని చేతిలోని ఐరన్ క్లబ్బును నేలకేసి కొట్టావు. గడ్డిపెళ్ల లేచి అల్లంత దూరాన పడింది. అంతవరకైతే సరే. "ఎటు పోయిందో చూడవా?" అంటూ నీ సంచీ మోసే క్యాడీ కుర్రాడి మీద విరుచుకుపడ్డావు. వాడు బెదిరి ఒక అడుగు వెనక్కి వేశాడు. తర్వాత ఆ పెళ్లను తెచ్చి గుంతలో పెట్టి కాలితో అదిమాడు. నువ్వు చూడలేదు, నేను చూశాను.

నీ ఆట తెలియాలని ఈమధ్య కాస్త చదువుతున్నాను. గోల్ఫ్ దిగ్గజం బాబీ జోన్స్ అంతటివాడికీ కోపం తప్పలేదు. 1921లో సెయింట్ ఆండ్రూస్‌లో ఓపెన్ పోటీ మూడో రౌండు, 11వ హోల్. ఇసుక బంకర్‌లో పడ్డ బంతి ఎంతకీ బయటికి రాకపోతే చేత్తో తీసేసుకుని పోటీయే వదిలేశాడు. అప్పుడతనికి 19 ఏళ్లు. ఆ పని అతన్ని చాలాకాలం బాధించింది. 1927లో అక్కడే ఓపెన్ గెలిచాడు.

నా సంగతీ చెప్తాను. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రంలో పని చేసే రోజుల్లో ఒక పొద్దున మీ అమ్మ మీద అరిచి డ్యూటీకి వచ్చేశాను. క్యారేజీ సర్దడం ఆలస్యమైందని, అంతే. పవర్‌హౌస్ లోయ అడుగున కదా, తాడుతో కిందికి దించే వించ్ బండిలో దిగాలి. అది నిదానంగా దిగుతుంది, తొందరపెడితే వినదు. ఒకపక్క కొండ, ఇంకోపక్క లోయ. సగం దిగేసరికి కోపం పోయింది, కింద కాలుపెట్టేసరికి సిగ్గు మిగిలింది. కానీ మాట అప్పటికే ఇంట్లో పడిపోయింది. మూడు రోజులు మీ అమ్మ నాతో మాట్లాడలేదు.

నీ ఆటలో ఆ వించ్ ప్రతి దెబ్బకీ ఉంది నాయనా. 18 హోల్స్‌కి నాలుగు గంటలు పడితే, బంతిని కొట్టేది కొన్ని నిమిషాలే. మిగతాదంతా నడకే. ఆ నడకలో కోపాన్ని దిగనియ్యి. లేకపోతే అది పిడికిట్లోకి, భుజంలోకి ఎక్కుతుంది, స్వింగ్ తొందరపడుతుంది, రెండో బంతీ తుప్పల్లోకే. ఇంకోటి, కోపంతో విరగ్గొట్టిన క్లబ్ బదులు ఆ రౌండులో వేరేది తీసుకోవడానికి రూల్స్ ఒప్పుకోవు.

ఒక్క పని అలవాటు చేసుకో. దెబ్బ తప్పినప్పుడు క్లబ్బును నీ చేత్తోనే మెల్లగా సంచీలో పెట్టు. బంతి దగ్గరికి చేరేదాకా ఆ తప్పిన దెబ్బ ఊసెత్తకు, ఆ కుర్రాణ్ణి వాళ్ల ఊరి సంగతులు అడుగు.

వచ్చే ఆదివారం మొదటి టీ మీద బంతి పెట్టకముందే వాడితో మాట్లాడు. మొన్నటిది తప్పేనని చెప్పు. వాడేమన్నాడో సాయంత్రం ఫోన్ చేసి చెప్పు, ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
మీ మామయ్య