మొరాయించే కంప్యూటర్

మీట నొక్కారు. తెరమీద కంపెనీ గుర్తు కనిపించింది, కంప్యూటర్ అక్కడే ఆగిపోయింది. విసుగుతో మళ్ళీ మళ్ళీ మీట నొక్కకండి. ఎక్కడ ఆగిందో చూడండి.

కంప్యూటర్ మొదట మెమరీని, కీబోర్డును, డిస్కును పరీక్షించుకుంటుంది. ఆ తరువాతే విండోస్‌ను మెమరీలోకి తెచ్చుకుంటుంది. గుర్తు దగ్గరే ఆగితే పెన్‌డ్రైవ్, ప్రింటర్ లాంటివన్నీ ఊడదీసి చూడండి. చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు! విండోస్ మొదలయ్యాక ఆగితే సేఫ్ మోడ్‌లో తెరవండి. పరికరాలను నడిపే ప్రోగ్రాములైన డ్రైవర్లలో అత్యవసరమైనవే అందులో పనిచేస్తాయి. అప్పుడు సాఫీగా నడిస్తే, మిగిలిన డ్రైవర్లనో, ఈమధ్య చేర్చిన ప్రోగ్రాములనో అనుమానించాలి.

మరి ఆపేటప్పుడు తంటా ఎందుకు? ప్రోగ్రాములన్నీ పని ముగించేదాకా విండోస్ వేచి ఉంటుంది. ఒక్కటి పలకకపోయినా ఎదురుచూపే! ఇంకో చిక్కు కూడా ఉంది. 2012లో వచ్చిన విండోస్ 8తో ఫాస్ట్ స్టార్టప్ అనే పద్ధతి మొదలైంది. అది అమలులో ఉంటే, షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ తన కీలక భాగాన్ని ఉన్నదున్నట్టు డిస్కు మీద దాచి, మర్నాడు దాన్నే తిరిగి తెస్తుంది. దానితోపాటు నిన్నటి లోపమూ రావచ్చు! రీస్టార్ట్ చేస్తే అలా జరగదు, అంతా కొత్తగా మొదలవుతుంది. అందుకే ముందు అది చేసి చూడండి.

పవర్ మీటను అదిమిపట్టి ఆపడం చిట్టచివరి మార్గం. డిస్కు దీపం మినుకుమంటోందా, ఆగండి. అది రాస్తున్నది మీ ప్రాజెక్టు ఫైలే కావచ్చు.